కుండీ మార్చాక కరివేపాకు మొక్క పసుపుబారుతోంది, కారణం ఏమై ఉంటుంది?

నిజాంపేట్ బాల్కనీ | ఫిబ్రవరి 12
అందరికీ నమస్కారం. మా మిద్దె మీది కరివేపాకు మొక్క గురించి సలహా కావాలి. కొన్నేళ్లుగా చిన్న కుండీలో బాగానే ఉండేది. వేళ్లు కింది రంధ్రాల్లోంచి బయటికి వచ్చేస్తున్నాయని సంక్రాంతి అయ్యాక పెద్ద గ్రో బ్యాగ్‌లోకి మార్చాం. ఎర్రమట్టి, వర్మీ కంపోస్ట్, కోకోపీట్ కలిపి నింపాం. మొదట్లో ఏమీ తేడా లేదు. తర్వాత ఆకులు పసుపు తిరగడం మొదలైంది, కొన్ని రాలిపోతున్నాయి కూడా. మా అత్తయ్యగారు దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు తిప్పేశారు. పై ఫ్లాట్ ఆంటీ గుడ్డు పెంకుల పొడి ఇచ్చారు, అది చల్లాం. మా వారు యూరియా వేద్దామంటున్నారు. నేను ఎప్సమ్ సాల్ట్ తెప్పించి పెట్టాను. ఏది ముందు వేయమంటారు?

పెరుగన్నం | ఫిబ్రవరి 12
తిరగమోతకి గ్యారంటీ లేదన్నమాట ఈ నెల. యూరియా మాత్రం వద్దండి, మా మావయ్య అలాగే ఒక మల్లె మొక్కని సాగనంపారు.

రెండో అంతస్తు | ఫిబ్రవరి 12
నీళ్లు ఎక్కువయ్యాయి. పెద్ద బ్యాగ్‌లోకి మార్చిన ప్రతి ఒక్కరికీ ఇదే సమస్య. చిన్న వేళ్లకి పెద్ద మట్టి, పైగా చలికాలం. మట్టి ఆరదు, వేరు ఊపిరాడక కుళ్లుతుంది, ఆకు పసుపు తిరుగుతుంది. వారం రోజులు నీళ్లు ఆపేయండి, అదే సర్దుకుంటుంది.

మట్టివాసన | ఫిబ్రవరి 12
ఏది ముందు వేయాలి అని కాదండీ, ముందు ఏ ఆకు పసుపు తిరిగిందో చెప్పండి. కింది ముదురు ఆకులా, పైన చిగురా? ఆకు మొత్తం ఒకే రంగులో పాలిపోయిందా, లేక ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం మాత్రమే పసుపుగా ఉందా? ఆకు మెత్తబడి వాలిపోతోందా, బిరుసుగానే ఉందా? ఇవి తెలియకుండా మేమంతా ఏం చెప్పినా సోదే. ఒక ఫొటో కూడా పెట్టండి, పగటి వెలుగులో తీసింది. ట్యూబ్‌లైట్ కింద తీస్తే ప్రతి ఆకూ పసుపుగానే కనిపిస్తుంది.

నర్సరీ తమ్ముడు | ఫిబ్రవరి 12
అక్కా, చలికాలంల కల్యమాకు మొక్క సగం నిద్రల ఉంటది. డిసెంబర్, జనవరిల ఆకులు పసుపై రాలుడు మామూలే. మా నర్సరీల గూడ అన్ని చెట్లకీ అట్లనే అయితది, ఎండలు మొదలైతే మళ్ల చిగురు పెడతది. కుండీ మార్చుడు జూన్‌ల వానలు పడ్డంక చేస్తే మంచిగుంటది. ఇప్పుడు మార్చిన్రు కాబట్టి కొంచెం ఓపిక పట్టుండ్రి.

సీతాఫలం | ఫిబ్రవరి 13
పుల్లటి మజ్జిగ పోయమ్మా. మా అమ్మ, మా అత్త అందరూ కరివేపాకుకి మజ్జిగే పోసేవాళ్లు. ఒక మేకు కూడా వేసి నాలుగు రోజులు ఉంచి పోస్తే ఇంకా మంచిది.

నిజాంపేట్ బాల్కనీ | ఫిబ్రవరి 13
ఫొటోలు పెట్టాను చూడండి. మట్టివాసన గారూ, రెండూ ఉన్నాయి. కింద కొమ్మల్లో ముదురు ఆకులు మొత్తం పసుపై రాలుతున్నాయి. పైన కొత్తగా వచ్చిన చిగురు మాత్రం వేరేలా ఉంది. లేత పసుపు, దాదాపు తెలుపు, కానీ ఈనెలు సన్నగా పచ్చగా గీతల్లా కనిపిస్తున్నాయి. ఆకులు వాలిపోలేదు, నిక్కబొడుచుకునే ఉన్నాయి. వేలు పెట్టి చూస్తే పైన రెండు అంగుళాలు ఆరింది, కింద తడి ఉంది. నీళ్లు రెండు రోజులకోసారి పోస్తున్నాం.

మట్టివాసన | ఫిబ్రవరి 13
ఇప్పుడు దారి దొరికింది. ఇక్కడ ఒకే జబ్బు లేదు, రెండు వేర్వేరు సంగతులు ఒకేసారి కనిపిస్తున్నాయి.

నత్రజని, మెగ్నీషియం లాంటివి మొక్కలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదులుతాయి. తక్కువైనప్పుడు మొక్క ముదురు ఆకుల్లోంచి లాగి చిగురుకి పంపిస్తుంది. అందుకే వాటి లోపం కింది ఆకుల్లో ముందు కనిపిస్తుంది. ఇనుము అలా కదలదు. ముదురు ఆకులో ఉన్న ఇనుము అక్కడే ఉండిపోతుంది, కొత్త చిగురుకి వేళ్ల నుంచి తాజాగా రావాల్సిందే. అందుకని ఇనుము అందకపోతే చిగురే ముందు తెల్లబడుతుంది, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. మీ ఫొటోలో చిగురు సరిగ్గా అలాగే ఉంది.

కింది ఆకులు రాలడం మాత్రం కుండీ మార్చినప్పుడు తెగిన వేళ్ల వల్ల, దానికి తోడు నర్సరీ తమ్ముడు చెప్పిన చలి వల్ల. అది దానంతట అదే తగ్గుతుంది. దాని గురించి ఏమీ చేయకండి.

యూరియా వద్దు. తెగిన వేళ్ల మీద ఉప్పు పోసినట్టే. ఎప్సమ్ సాల్ట్ మెగ్నీషియం ఇస్తుంది, చిగురు సమస్యకి అది మందు కాదు. డబ్బాలో ఉండనివ్వండి.

రెండో అంతస్తు | ఫిబ్రవరి 13
ఇనుము లోపం అంటున్నారు సరే. కానీ కొత్త మట్టి, వర్మీ కంపోస్ట్ వేశారు కదా, ఇనుము ఎందుకు తక్కువవుతుంది? ఎర్రమట్టి ఎరుపే ఇనుము వల్ల కదా?

కెమిస్ట్రీ మాస్టారు | ఫిబ్రవరి 13
మంచి ప్రశ్న. ఎర్రమట్టిలో ఇనుముకి కొదవ లేదు, ఎరుపంతా ఐరన్ ఆక్సైడే. సమస్య ఉందా లేదా అని కాదు, వేరు తాగగలిగే రూపంలో ఉందా అనేది. మట్టి పీహెచ్ (పులుపు, క్షార గుణాల కొలత, 7 దాటితే క్షారం) 6, 6.5 దగ్గర ఉంటే కొంత ఇనుము నీటిలో కరుగుతుంది. 7.5 దాటితే కరగడం బాగా తగ్గిపోతుంది. మట్టినిండా ఇనుమున్నా మొక్కకి అందదు. కాబట్టి అసలు వెతకాల్సింది ఇనుము ఎక్కడుందని కాదు, మట్టిని సున్నపు గుణంలోకి లాగుతున్నది ఏమిటని.

దీనికి సాధారణంగా మూడు దారులుంటాయి: నీళ్లు, మట్టిలో కలిసిన సున్నం, మనం ప్రేమగా చల్లే బూడిద, గుడ్డు పెంకులు. గుడ్డు పెంకంటే కాల్షియం కార్బొనేట్. పై ఫ్లాట్ ఆంటీ మనసు మంచిదే గానీ ఈ మొక్కకి ఆ పొడి అవసరం లేదు. కట్టెల బూడిద కూడా క్షారమే.

నిజాంపేట్ వైపు బోరు నీళ్లా, మంజీర నల్లా నీళ్లా? ఎర్రమట్టి ఎక్కడ కొన్నారు?

నిజాంపేట్ బాల్కనీ | ఫిబ్రవరి 14
మొక్కలకి మొత్తం ఆర్వో మెషిన్ నుంచి బయటికి వచ్చే నీళ్లే పోస్తాం. ఊరికే డ్రైనేజీలో పోతున్నాయని బకెట్ పెట్టాం. ఆర్వోలోకి వెళ్లేది బోరు నీళ్లే. మట్టి మా వీధి చివర ఆటో ట్రాలీలో అమ్ముతుంటే ఆరు బస్తాలు తీసుకున్నాం. బాగానే ఎర్రగా ఉంది, మధ్యలో కొన్ని గులకరాళ్లు.

కెమిస్ట్రీ మాస్టారు | ఫిబ్రవరి 14
ఆర్వో నుంచి పారబోసే నీళ్లు! అదే సగం కథ. మెషిన్ శుద్ధి నీటిని ఒకవైపు పంపుతుంది, అందులో ఉన్న ఉప్పంతా మిగిలిన నీళ్లలోనే ఉండిపోతుంది. చాలా ఇళ్లలోని మెషిన్లలో నాలుగో వంతే తాగే నీళ్లవుతాయి. అంటే మీ బోరు నీళ్ల టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) 900 ఉందనుకుంటే, పక్కకి పోయే నీళ్లలో 1200 దాకా ఉంటుంది. మట్టిని సున్నపు గుణంలోకి లాగే బైకార్బొనేట్లు కూడా అందులోనే. ఇల్లు తుడవడానికి, బాత్రూం కడగడానికి పనికొస్తాయి. నేలలో ఉన్న చెట్టుకైతే వానల్లో కొట్టుకుపోతుంది. కుండీలో మాత్రం రోజురోజుకీ ఉప్పు చేరుతూనే ఉంటుంది, నీరు ఆవిరవుతుంది గానీ ఉప్పు ఆవిరవదు. బ్యాగ్ అంచుల్లో తెల్లటి పొర కనిపిస్తోందేమో చూడండి. ట్యాప్ మూతికి పట్టే తెల్లటి పొర లాంటిదే.

ఇంకో అనుమానం ఆ మట్టి మీద. ఒక చిన్న పరీక్ష చేయండి. బ్యాగ్ లోతులోంచి, పై పెంకుల పొడి తగలని చోటి నుంచి గుప్పెడు మట్టి తీసి ఆరబెట్టండి. దాని మీద వంటింటి వెనిగర్ కొన్ని చుక్కలు వేయండి. బుసబుసమని నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టు. పాత కుండీ మట్టి, వేళ్ల ముద్దకి అంటుకుని ఉన్నది, కొంచెం తీసి దాని మీద కూడా వేసి పోల్చుకోండి.

పెరుగన్నం | ఫిబ్రవరి 14
వెనిగర్ నురగ, మజ్జిగలో మేకు... ఇది గార్డెనింగా, కార్తీక దీపం సీరియలా అర్థం కావట్లేదు. చదవడం మాత్రం ఆపలేకపోతున్నా.

ఉప్పల్ రైతు బిడ్డ | ఫిబ్రవరి 14
ట్రాలీలో అమ్మే మట్టి గురించి ఒక మాట. ఆ మట్టి చాలాసార్లు ఎక్కడో సెల్లార్ తవ్విన మట్టే. పక్కన సిమెంటు కలిపిన చోటు, పాత గోడ పగలగొట్టిన చోటు, అన్నీ జేసీబీ ఒకేసారి ఎత్తుతుంది. ఎర్రగా కనిపిస్తుంది గానీ మధ్యలో బూడిద రంగు ముక్కలుంటాయి. గులకరాళ్లు అన్నారు కదా, వాటిలో ఒకటి సుత్తితో కొట్టి చూడండి. పొడిగా రాలిపోతే అది రాయి కాదు, పాత మాల్ (గోడలకి వాడిన సిమెంటు, ఇసుక ముద్ద). మా ఊరి చేను మట్టి తెచ్చుకునే వీలు ఉంటే అంత మంచిది ఇంకోటి లేదు, కానీ సిటీలో అందరికీ దొరకదు.

తార్నాక పిచ్చుక | ఫిబ్రవరి 15
ఇన్ని కారణాలు ఎందుకండీ, నీళ్లు ఎక్కువైతే కూడా చిగురు తెల్లబడుతుంది. నేను చూశాను. రెండో అంతస్తు గారిది కొట్టిపారేయకండి.

మట్టివాసన | ఫిబ్రవరి 15
కొట్టిపారేయడం లేదు. ఒకదానికొకటి తోడు. తడిగా, చల్లగా ఉన్న మట్టిలో వేరు సరిగా పనిచేయదు, ఉన్న కొద్ది ఇనుమూ తీసుకోలేదు. సున్నపు మట్టి తడిగానే ఉంటే బైకార్బొనేట్ ఇంకా పెరుగుతుంది. నీళ్లు తగ్గించాలన్నది నిజం. నీళ్లు మాత్రమే కారణమైతే ఆకులు మెత్తగా వాలిపోయేవి, ముదురు ఆకులు ముందు పోయేవి, మట్టి దుర్వాసన వచ్చేది. ఇక్కడ ఆకు బిరుసుగా ఉంది. అందుకే వేరు కుళ్లు అనుకోవడం లేదు. అనుమానం ఉంటే బ్యాగ్ పక్కన కొంచెం తవ్వి ఒక వేరు చూడండి. తెల్లగానో లేత గోధుమ రంగులోనో గట్టిగా ఉంటే క్షేమం. నల్లబడి, గోరుతో తీస్తే తోలు ఊడి వస్తే అప్పుడు వేరే లెక్క.

ఆకు వెనకవైపు భూతద్దం పెట్టి కూడా చూడండి. ఎర్రనల్లి ఉంటే ఆకు మీద సన్నటి పసుపు చుక్కలు వస్తాయి, ఈనెల మధ్య అంతా ఒకే రంగుగా పాలిపోదు.

నిజాంపేట్ బాల్కనీ | ఫిబ్రవరి 16
వెనిగర్ పరీక్ష చేశాను. కొత్త మట్టి మీద వేయగానే సోడా కొట్టినట్టు నురగ! వేళ్ల ముద్ద దగ్గరి పాత మట్టి మీద ఏమీ రాలేదు. మా వారు గులకరాళ్లు సుత్తితో కొట్టారు, చాలావరకు పొడైపోయాయి, లోపల ఇసుక, బూడిద రంగు సిమెంటు. వేరు చూశాను, తెల్లగానే ఉంది. నల్లి లేదు. బ్యాగ్ అంచుల్లో తెల్ల పొర ఉంది, నేను అది కోకోపీట్ బూజు అనుకున్నాను.

ఇప్పుడు మట్టి మొత్తం మార్చేయాలా? మళ్లీ వేళ్లు కదిలిస్తే మొక్క తట్టుకుంటుందా?

రెండో అంతస్తు | ఫిబ్రవరి 16
మార్చకండి. ఇప్పుడే ఒకసారి కదిలించారు. గంధకం పొడి వేస్తే పీహెచ్ తగ్గుతుంది కదా?

కెమిస్ట్రీ మాస్టారు | ఫిబ్రవరి 16
మామూలు మట్టిలో అయితే గంధకం మంచి మార్గమే. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని మెల్లగా ఆమ్లంగా మారుస్తాయి, అందుకు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కానీ నురగ వచ్చేంత సున్నం ఉన్న మట్టిలో ఆ పుట్టే ఆమ్లాన్నంతా సున్నమే మింగేస్తుంది. సున్నం అయిపోయేదాకా పీహెచ్ దిగదు. మజ్జిగ పరిస్థితీ అంతే. సీతాఫలం గారూ, మీ అమ్మగారి మొక్క పెరట్లో మంచి నేలలో ఉండి ఉంటుంది, అక్కడ పనిచేసింది. మేకులోని ఇనుము మజ్జిగలోని లాక్టిక్ ఆమ్లంలో కొంత కరుగుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ ఈ మట్టిలో పడగానే మళ్లీ గట్టిపడి వేరుకి అందకుండా పోతుంది.

సీతాఫలం | ఫిబ్రవరి 16
సరే మాస్టారు. మాది వరంగల్ దగ్గర పెరడే. మీరన్నది నిజమే అయ్యుండొచ్చు. అయినా పుల్ల మజ్జిగ పారబోసే కంటే వేరే చెట్టుకైనా పోయొచ్చు.

నర్సరీ తమ్ముడు | ఫిబ్రవరి 16
అక్కా, మొత్తం మట్టి మార్చకు. పాత వేళ్ల ముద్ద ఎంతుందో అంత వదిలేసి, దాని చుట్టూ ఉన్న కొత్త మట్టి మాత్రం చిన్న తాపీతోని మెల్లగ తీసెయ్. కొత్త వేళ్లు ఇంకా ఎక్కువ దూరం పోయుండవు, చలిల కదా. ముద్ద కింద ఉన్న మట్టి గూడ చెయ్యి పెట్టి ఎంత వస్తె అంత తీయ్. అందుల మంచి ఎర్రమట్టి, పాత పశువుల ఎరువు, కొంచెం ఇసుక కలిపి నింపు. పచ్చి పేడ మాత్రం వెయ్యకు, వేళ్లు మాడిపోతయ్. సాయంత్రం పూట చెయ్యి, రెండు మూడు రోజులు నీడల పెట్టు. మట్టి తెచ్చే ముందు ఆ వెనిగర్ పరీక్ష నర్సరీలనే చేసి చూడు. మాలాంటోళ్లు నవ్వినా పర్వాలే.

మట్టివాసన | ఫిబ్రవరి 17
నర్సరీ తమ్ముడి పద్ధతే నాకూ నచ్చింది. నేనైతే ఇంకొంచెం ఆగి, రాత్రి చలి తగ్గాక చేస్తాను. ఈలోగా చిగురు చచ్చిపోకుండా పైనుంచి ఇనుము పిచికారీ చేయండి. మట్టిని పక్కన పెట్టి ఆకు ద్వారానే తినిపించడం అన్నమాట.

ఎరువుల షాపులో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) అడగండి. లేత ఆకుపచ్చ పలుకుల్లా ఉండాలి. గోధుమ రంగులోకి మారిపోయి ఉంటే అది పాతబడింది, తీసుకోకండి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). నిమ్మ ఉప్పు ముందు నీళ్లలో కరిగించి తర్వాత అన్నభేది వేయండి. మంచి నీళ్లు వాడండి, ఆర్వో పారబోసే నీళ్లు కాదు. ఎండ తగ్గాక, చిగురు రెండు వైపులా తడిసేలా కొట్టండి. కలిపిన నీళ్లు మర్నాటికి దాచకండి. వారం, పది రోజులకోసారి, రెండు మూడు సార్లు చాలు. ముందు ఒక కొమ్మ మీద కొట్టి మర్నాడు మాడిందేమో చూసుకుని మిగతాది కొట్టండి.

ఇంకో ముఖ్యమైన మాట: కింద టైల్స్ ఉంటే గోనె పరవండి. అన్నభేది మరక తుప్పు రంగులో పడుతుంది, ఓ పట్టాన పోదు. మా అపార్ట్‌మెంట్ మిద్దె మీద నా పేరు చెప్పుకునే మరక ఇప్పటికీ ఉంది.

తార్నాక పిచ్చుక | ఫిబ్రవరి 17
చీలేటెడ్ ఐరన్ అని ప్యాకెట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. అవి మట్టిలో వేస్తే సరిపోదా?

కెమిస్ట్రీ మాస్టారు | ఫిబ్రవరి 17
చీలేట్ అంటే ఇనుమును కరిగిన రూపంలో పట్టి ఉంచే పదార్థం. ప్యాకెట్ మీద ఏ చీలేట్ అని చదివి కొనండి. ఈడీటీఏ అని ఉన్నది ఆమ్ల గుణం ఉన్న మట్టిలో బాగుంటుంది, పీహెచ్ 6.5 దాటితే ఇనుమును పట్టి ఉంచలేదు. సున్నపు మట్టికి ఈడీడీహెచ్ఏ రకం కావాలి. అది ముదురు ఎరుపు రంగులో ఉంటుంది, ధరా ఎక్కువే. ఒక్క కరివేపాకు మొక్క కోసమైతే అంత ఖర్చు ఎందుకు? మట్టి మార్చుకోవడం చౌక. ఈడీటీఏ ప్యాకెట్ ఇప్పటికే కొనేసి ఉంటే పిచికారీకి వాడుకోవచ్చు.

నిజాంపేట్ బాల్కనీ | ఫిబ్రవరి 18
మరి నీళ్ల సంగతి? మాకు మంజీర కనెక్షన్ ఉంది గానీ రోజు విడిచి రోజు వస్తుంది, అది తాగడానికీ వంటకీ పట్టిపెట్టుకుంటాం. మొక్కలకి అవి పోస్తే అత్తయ్యగారు ఒప్పుకోరు.

ఉప్పల్ రైతు బిడ్డ | ఫిబ్రవరి 18
బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లు మంజీరవే కదా? అవి ఒక బకెట్లో పట్టండి, ఉప్పు వేయకముందువి. ఒక్క కరివేపాకు మొక్కకి సరిపోతాయి. ఏప్రిల్ నుంచి ఏసీ పైపు నీళ్లు పట్టండి, అవి గాలిలోని తేమే కాబట్టి ఉప్పు దాదాపు ఉండదు. జూన్ వచ్చాక వాన మొత్తం మీదే.

ఆర్వో నీళ్లు తప్పదంటే బోగన్‌విల్లాకి పోయండి. అది మొండి మొక్క.

నిజాంపేట్ బాల్కనీ | మార్చి 9
అప్‌డేట్. నర్సరీ తమ్ముడు చెప్పినట్టు చుట్టూ మట్టి తీసి కొత్తది నింపాం. ఈసారి మేడ్చల్ వైపు నర్సరీలో వెనిగర్ సీసాతో వెళ్లాం, అతను నవ్వాడు గానీ తర్వాత తన మట్టి మీద తనే వేసి చూసుకున్నాడు. అన్నభేది రెండుసార్లు కొట్టాను. తెల్లబడ్డ చిగురు చాలావరకు పచ్చబడింది, మరీ తెల్లగా అయిపోయిన రెండు మూడు రెమ్మలు మాత్రం అంచులు మాడి అలాగే ఉన్నాయి. కింది ఆకులు రాలడం ఆగింది. రాలిన చోట్ల కణుపుల దగ్గర కొత్త మొగ్గలు కనిపిస్తున్నాయి.

ఇక రెండు ప్రశ్నలు. ఆ మాడిన రెమ్మలు తుంచేయాలా? మందు కొట్టిన ఆకు కూరలో వేసుకోవచ్చా?

మట్టివాసన | మార్చి 9
మాడిన రెమ్మల్ని ఇప్పుడే తుంచేయకండి. కొత్త చిగురు రెండు జానలు సాగాక తీసేయండి, ఈలోపు వాటిలో ఉన్న కాస్త పచ్చదనమూ మొక్కకి పనికొస్తుంది. అన్నభేది పురుగుమందు కాదు, పోషకమే. అయినా కొట్టిన ఆకు కోయకుండా పది రోజులు ఆగండి, తర్వాత బాగా కడిగి వాడుకోండి. ఎరువు ఏదైనా ఏప్రిల్‌లో చిగురు జోరందుకున్నాకే, అదీ కొద్దిగా.

నర్సరీ తమ్ముడు | మార్చి 10
అక్కా, చిగురు లేతగ ఉన్నప్పుడు పిట్ట రెట్టలెక్క కనపడే పురుగు వస్తది, నిమ్మ చెట్ల మీద వచ్చేదే. సీతాకోకచిలుక పిల్ల. కనిపిస్తె చేత్తోని ఏరెయ్, మందు కొట్టకు. పెద్దగైతె ఆకుపచ్చగ మారతది, అప్పుడు ఆకుల మధ్యల దొరకదు.

పెరుగన్నం | మార్చి 10
మొత్తానికి తిరగమోత బతికింది. గుడ్డు పెంకుల ఆంటీకి ఎవరు చెబుతారు?

నిజాంపేట్ బాల్కనీ | మార్చి 10
చెప్పలేదండి. ఇచ్చినవి తీసుకుని టమాటా కుండీలో వేస్తున్నాను.

కెమిస్ట్రీ మాస్టారు | మార్చి 10
టమాటాకి నింపింది ఆ ట్రాలీ మట్టేనా? అయితే అక్కడా వద్దు. ముందు వెనిగర్ వేసి చూడండి.